పడమటి హాలుకు ముదురు కనకాంబరం రంగు: నాలుగు గోడలకా, ఒక్కదానికేనా?

పానగల్లు రోడ్డు (నల్గొండ):
అందరికీ నమస్తే. మాది నల్గొండ. మామయ్య కట్టించిన పాత ఇల్లు. దసరాలోపు రంగులు వేయిద్దామని అనుకుంటున్నాం. హాలు 16 అడుగుల పొడవు, 12 వెడల్పు, స్లాబు 10 అడుగుల ఎత్తు. కింద నీలం తాండూరు బండలు. తలుపులు టేకువి, పాలిష్ కొట్టించినవి. పడమర వైపు రెండు కిటికీలు, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ తిన్నగా ఎదుటి గోడ మీద పడుతుంది. సోఫా మెరూన్. దాన్ని ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేదు, ఎందుకంటే మార్చేంత డబ్బు లేదు.

ఇన్నేళ్లూ ఐవరీ, క్రీమ్, మళ్లీ ఐవరీ. చూసి చూసి విసుగొచ్చింది. నాకు కావలసింది ముదురు గులాబీ. బేబీ పింక్ కాదు, రాణి కలరూ కాదు. కనకాంబరం మాలకు, కోసిన ఎర్ర జామకాయకు మధ్య ఎక్కడో ఉంటుంది. షేడ్ కార్డులో దాన్ని పట్టుకుని పెన్నుతో టిక్కు కూడా పెట్టుకున్నాను.

ఇంట్లో ఎవరి మాట వారిది. "గులాబీ రంగు చూసి పార్టీ ఆఫీసనుకొని జనం దరఖాస్తులు పట్టుకొని వస్తారు" అని మా ఆయన. "ఫంక్షన్ హాలులెక్క ఉంటది" అని అత్తమ్మ. పెయింటరేమో "టీవీ గోడ ఒక్కటి హైలైట్ చేద్దాం మేడమ్, మిగతా మూడూ వైట్" అని పట్టిన పట్టు విడవడం లేదు. మా మరిది ఒక్కడే నా వైపు. గులాబీ గదిలో కూర్చుంటే కోపం తగ్గుతుందని ఎక్కడో చదివాడట. వదిన కోపం తగ్గితే తనకూ లాభమే కదా అని.

నా అనుమానాలు ఇవీ. ఒక గోడ వేయించాలా, నాలుగూ వేయించాలా? ఆ పడమటి ఎండకు రంగు వెలిసిపోతుందా? రెండో క్లాసు చదివే మా బాబు చేతులు, క్రేయాన్లు తట్టుకుంటుందా? పైగా బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ హాలు వైపు కింద అడుగున్నర దాకా పెచ్చులు లేస్తోంది. ఇదివరకు ఇలాంటి రంగు వేయించుకున్నవాళ్లు, వేసినవాళ్లు ఉంటే చెప్పండి.

సాగర్ ఎడమ కాలువ (మిర్యాలగూడ):
ఒక్క గోడ చాలండి. రేపు అద్దెకివ్వాలన్నా, అమ్మాలన్నా తెలుపుకే గిరాకీ. ఇక పార్టీ సంగతంటారా, ఐదేళ్లకోసారి గోడలు మార్చే ఓపిక ఉంటే ఏ రంగైనా వేయండి.

జాజుగోడ (జడ్చర్ల):
అక్కా, నేను పెయింటర్ని. మా బాపు సున్నం, జాజు (ఎర్రమట్టి రంగు) కాలం మనిషి. నాది ఎమల్షన్ల కాలం. రంగు గురించి తర్వాత చెప్తా, ముందు రెండు సంగతులు చెప్పండి. హాల్లో రాత్రిపూట ఏ లైట్లు వేస్తారు? వాటి డబ్బా ఉంటే మీద ఏం రాసుందో చూడండి. రెండోది, ఇప్పుడున్న ఐవరీ గోడను తడి చేత్తో గట్టిగా రుద్దండి. చేతికి పొడి అంటుతుందా?

పానగల్లు రోడ్డు (నల్గొండ):
రెండు ఎల్ఈడీ ట్యూబులు అన్నా. డబ్బా మీద 6500కె అని ఉంది. గోడ రుద్దితే అరచేయి తెల్లగా సున్నం పూసుకున్నట్టు అయింది. ఇదేం పరీక్ష?

జాజుగోడ (జడ్చర్ల):
రెండూ అనుకున్నట్టే ఉన్నాయి. తీరిగ్గా చదవండి, కొంచెం పొడుగే ఉంటుంది.

చేతికి అంటిందంటే అది డిస్టెంపర్. దాని మీద నేరుగా ఎమల్షన్ కొడితే కొత్త రంగు గోడను పట్టుకోదు, కింద పొడిని పట్టుకుంటుంది. కొన్నాళ్లకు అప్పడంలా లేచొస్తుంది. కాబట్టి పాతది గీకించి, ఎమరీ పెట్టించి, తుడిపించి, పుట్టీ, ప్రైమర్ వేశాకే రంగు. మీ పెయింటర్ గీకుడు పని తప్పించుకోవడానికే ఒక్క గోడ అంటున్నాడేమో అని నాకు అనుమానం. మా వాళ్ల గురించి నాకు తెలుసు.

ఇప్పుడు లైటు. 6500కె అంటే నీలం పాలు ఎక్కువున్న తెల్లని వెలుతురు. మీరు చెప్పే కనకాంబరం రంగుకు ప్రాణం అందులో ఉన్న పసుపు, ఎరుపు. ఆ ట్యూబు కింద అవి చప్పబడి, గోడ నీలి డాలు కొడుతుంది. పగలు ముచ్చటపడి వేయించుకున్న రంగు రాత్రి ఎనిమిదింటికి చూస్తే వేరే ఇంటి గోడలా ఉంటుంది. హాల్లో మనం ఎక్కువసేపు కూర్చునేది రాత్రే కదా. అందుకని మొదటి ఖర్చు బల్బుల మీద పెట్టండి. వార్మ్ వైట్ అని 3000కె దొరుకుతాయి. మరీ పసుపు అనిపిస్తే 4000కె తీసుకోండి. డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని రాసున్నవి దొరికితే ఇంకా మంచిది, చవక ఎల్ఈడీల్లో ఎరుపు సరిగ్గా పలకదు. మొత్తం ఖర్చులో ఇది చిన్నది, గోడను మార్చేది మాత్రం ఇదే.

తర్వాత షేడు. టిక్కు పెట్టుకున్న షేడు వేయకండి. అదే పట్టీలో దానికంటే ఒక మెట్టు లేతది చూడండి. ఎందుకో మీకే తెలియాలంటే ఒక పని చేయండి. 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బా కలిపించుకోండి. బడి పిల్లలు వాడే తెల్ల చార్టు ఒకటి తెచ్చి, చుట్టూ రెండు వేళ్ల అంచు వదిలి, రెండు కోట్లు వేసి ఆరనివ్వండి. ఆరాక రంగు లోపలికి వచ్చేలా మధ్యకు మడిచి, పుస్తకం సగం తెరిచినట్టు పట్టుకుని ఆ మడతలోకి చూడండి. పైన లేతగా ఉన్న రంగు లోపల ముదురుగా, ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి మళ్లీ దీనికి వస్తుంది కాబట్టి అట్లా చిక్కబడుతుంది. మీ హాల్లో నాలుగు మూలల్లోనూ ఇదే జరుగుతుంది. అరచేతి కార్డు చూసి ఎంచుకున్నవాళ్లు "వేరే రంగు కలిపాడు" అని షాపు మీద గొడవకు పోయేది ఇందుకే.

ఆ చార్టును పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి కొత్త బల్బు కింద మూడు పూటలా కిటికీకి ఎదురు గోడ మీద, కిటికీలున్న గోడ మీద మార్చి మార్చి చూడండి. పడమటి గది కాబట్టి పొద్దున ఆకాశం వెలుగే వస్తుంది, రంగు కాస్త మసకగా, చల్లగా ఉంటుంది. సాయంత్రం ఎండ పడినప్పుడు ఇటుక వైపు పోతుంది. ఆ ఇటుక రంగు మీకు నచ్చితేనే ముందుకెళ్లండి. నచ్చకపోతే పసుపు తక్కువున్న షేడు తీసుకోవాలి.

వెలిసిపోవడం గురించి అడిగారు. అది షేడును బట్టి కాదు, అందులో కలిపే పిగ్మెంట్‌ను బట్టి ఉంటుంది. షాపులో మెషీన్ ముందు నిలబడి, తెర మీద ఏమేం పడుతున్నాయో అడగండి. రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్ ఎక్కువగా ఉంటే ఎండకూ, సిమెంటు గోడలోని సున్నపు గుణానికీ నిలబడుతుంది. జాజు కూడా ఐరన్ ఆక్సైడే, మన పాత ఇళ్ల అరుగుల మీద ఎన్నేళ్లున్నా చెక్కు చెదరదు. అదే మెరిసే మెజెంటా రకాలైతే ఎండ పడేచోట ముందు వెలుస్తాయి. మీరు కోరుకునే రంగు మట్టి వైపే ఉంది కాబట్టి మీకు పెద్ద భయం లేదు.

ఒకటా, నాలుగా అంటే నా ఓటు నాలుగింటికే. ఒక్క గోడకు ముదురు రంగు, మూడింటికి తెలుపు పెడితే ఆ గోడ ఎవరిదో ఇల్లు చూసిపోదామని వచ్చినట్టు విడిగా నిలబడి ఉంటుంది. పెద్ద హాలైతే వేరు. 12 బై 16లో రంగు చుట్టూ ఉంటేనే గదికి ఒక నిండుతనం వస్తుంది.

బాబు చేతుల కోసం ఒక ఉపాయం. మన దిక్కు పాత ఇళ్లు చూసే ఉంటారు, పైన సున్నం, కింద నేలకు ఆనుకొని జాజు పట్టీ. వాన చినుకుల మట్టి, కాళ్ల మురికి కనబడొద్దని అట్లా వేసేవాళ్లు. అదే ఇప్పటి పద్ధతిలో చేయండి. కింద మూడడుగుల దాకా జాజు ఎరుపు, కడిగితే పోయే రకం, కాస్త నిగారింపు ఉన్నది. పైన మీ కనకాంబరం, పూర్తిగా మ్యాట్. నిగారింపు ఉన్న పెయింటు మీద పక్క నుంచి ఎండ పడితే పుట్టీ ఎత్తుపల్లాలన్నీ కనిపిస్తాయి, అందుకని పైన మ్యాటే ఉండాలి. తాండూరు బండల నీలం మీద ఆ ఎరుపు ఎంత బాగుంటుందో చూడండి. రెంటికీ మధ్య గీత కోసం నేల నుంచి టేపు పెట్టి కొలవనివ్వకండి. పాత ఇంట్లో బండలు నీళ్లు పోవడానికి వాటంగా వేసి ఉంటాయి, గీత వంకర పోతుంది. మేస్త్రీలు వాడే లెవల్ పైపుతో నాలుగు మూలలా గుర్తులు పెట్టి, దారం కొట్టాలి. మాస్కింగ్ టేపు అంటించాక దాని అంచు మీద ముందుగా పై రంగే ఒక పూత పూసి ఆరనివ్వాలి. టేపు సందుల్లోకి పోయేది అదే రంగు కాబట్టి ఏమీ కనబడదు. ఆ తర్వాత కింద ఎరుపు వేసి, పూర్తిగా ఆరకముందే టేపు ఏటవాలుగా లాగేస్తే గీత కత్తితో కోసినట్టు వస్తుంది.

స్లాబుకు మరీ తెల్లటి తెలుపు వద్దు. తెలుపులో ఇదే రంగు ఒక గ్లాసెడు కలిపించండి, చాలు.

వనపర్తి వాసి (హైదరాబాద్):
ఆర్కిటెక్చర్ విద్యార్థిని. మీ మరిది గారు చదివింది బేకర్-మిల్లర్ పింక్ గురించి అయి ఉంటుంది. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళం వారి జైలు గదికి గులాబీ రంగు వేయించారు. ఖైదీల దూకుడు తగ్గిందని అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడు చెప్పారు. అక్కడి అధికారులిద్దరి పేర్లే ఆ షేడుకు పెట్టారు. కానీ తర్వాత ఇతరులు చేసిన పరిశీలనల్లో ఆ ఫలితం నిలబడలేదు. కాబట్టి వదిన గారి కోపానికి మరిది గారు వేరే మార్గం చూసుకోవడం మంచిది.

పార్టీ ఆఫీసు అన్నందుకు మీ ఆయనకు జైపూర్ గురించి చెప్పండి. 1876లో బ్రిటన్ యువరాజు వస్తున్నాడని మహారాజా సవాయి రామ్ సింగ్ ఊరంతటికీ ఆ రంగు వేయించాడు. పింక్ సిటీ అంటారే గానీ, దగ్గర నుంచి చూస్తే అదీ మట్టి కలిసిన గులాబీయే, పైన జాజుగోడ అన్న చెప్పిన దారిలోదే. మెక్సికోలో లూయిస్ బర్రగాన్ అనే ఆర్కిటెక్ట్ అయితే కాగితం పూల రంగులో గోడలకు గోడలే కట్టాడు. 1980లో ఆయనకు ఆర్కిటెక్చర్‌లో పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. జైపూర్, మెక్సికో, నల్గొండ, ఎండ సంగతిలో ముగ్గురూ చుట్టాలే. అంత ఎండలో లేత రంగులు తెల్లబోతాయి, ముదురు రంగు నిలబడుతుంది.

గద్వాల చీర (గద్వాల):
వేసుకున్నవాళ్లు చెప్పండి అన్నారు కదా, నేను వేసుకున్నదాన్ని చెల్లె. మా భోజనాల గది నాలుగు గోడలూ ఆ రంగే. చూసినవాళ్లు మొదట ఒకసారి "అబ్బో" అంటారు, కూర్చున్నాక మాట్లాడరు. అన్నం తినే చోట, రాత్రి దీపాల వెలుతురులో ఆ రంగుకు మించింది లేదు. మనుషుల ముఖాలు కూడా కళగా కనిపిస్తాయి.

గోడ సంగతి అన్న చెప్పాడు, నేను సామాను సంగతి చెప్తా. మీ మెరూన్ సోఫాకే అసలు చిక్కు. మెరూన్, ఈ గులాబీ ఒకే ఇంటి రంగులు. పక్కపక్కన పెడితే సోఫా పాతబడినట్టు, గోడ దాన్ని వెక్కిరించినట్టు ఉంటుంది. మార్చలేరు కాబట్టి కప్పండి. మీగడ రంగు నూలు దుప్పటి, లేదా నలుపు తెలుపు పోచంపల్లి దుప్పటి వేసేయండి. మీ దగ్గర్లోనే పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండదు. ఒకటి ఫ్రేము కట్టించి ఆ గోడ మీద పెడితే ఇంక ఏ పటమూ అక్కర్లేదు. కర్టెన్లు పూల ప్రింటువి వద్దే వద్దు, తెల్ల ఖద్దరువి చాలు. ఇత్తడి బాగుంటుంది. నాయనమ్మ బిందె అటక మీద ఉంటే దించి చింతపండుతో తోమండి. ఆకుపచ్చ కూడా బాగా తేలుతుంది. నాది మనీప్లాంటే, ఖర్చు లేని అలంకరణ.

ఒక్క జాగ్రత్త. నేను ఇంటి నుంచి గద్వాల చీరలు అమ్ముతాను. ఆ గదిలో చీర ఫొటో చచ్చినా తీయను. కుప్పడం చీరకు (నూలు ఒడలుకు పట్టు అంచు కలిపి నేసేది) ఒడలు మీగడ రంగుదైతే, గోడ నుంచి వచ్చే వెలుగు పడి ఫొటోలో అది లేత గులాబీ అయిపోతుంది. "పింక్ పంపుతానని క్రీమ్ పంపారేంటి" అని ఫోన్లు వస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా వీడియో కాల్‌లో పాఠాలు చెప్పేవాళ్లో, ఇంటర్వ్యూలకు కూర్చునేవాళ్లో ఉంటే వాళ్లకు వేరే గది చూడండి.

అన్నతో ఒక్కచోట మాత్రం ఒప్పుకోను. స్లాబుకు ఉత్త తెలుపే వేయండి. చుట్టూ అంత రంగు ఉన్నప్పుడు కళ్లు పైకెత్తితే కాస్త ఊపిరాడాలి.

సాగర్ ఎడమ కాలువ (మిర్యాలగూడ):
ఇదంతా చదివాక నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. కింద జాజు పట్టీ అన్నది మాత్రం అదిరింది. మా మేనమామ వాళ్ల పాత ఇంటి అరుగు కళ్ల ముందుకొచ్చింది.

పానగల్లు రోడ్డు (నల్గొండ):
అందరికీ థాంక్స్. చార్టు మడత పరీక్ష చేశాను అన్నా, నిజంగానే లోపల ఎరుపెక్కింది. ఒక మెట్టు లేత షేడే ఖాయం. జాజు పట్టీ మాట చెప్పగానే "అట్లయితే సరే, మా అమ్మగారింట్ల గట్లనే ఉండె" అని అత్తమ్మ మా వైపు వచ్చేసింది. స్లాబు గురించి అక్క మాటే వింటాను, ఏమనుకోకు అన్నా. మా ఆయన బడ్జెట్ అడుగుతున్నాడు, పెయింటు ఎన్ని లీటర్లు పడుతుంది? ఆ పెచ్చుల గోడకు వాటర్ ప్రూఫ్ పుట్టీ కొడితే సరిపోతుందని మా పెయింటర్ అంటున్నాడు.

జాజుగోడ (జడ్చర్ల):
ఏమీ అనుకోను అక్కా, రోజూ తల ఎత్తి చూసుకునేది మీరే.

లెక్క ఇదిగో. చుట్టుకొలత 56 అడుగులు, ఎత్తు 10, మొత్తం 560 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే 480 అనుకోండి. నున్నటి గోడ మీద మంచి ఎమల్షన్ రెండు కోట్లకు లీటరు 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. కింద మూడడుగులు జాజు రంగుకు పోతుంది కాబట్టి పైన మిగిలేది సుమారు 340. ముదురు రంగులకు చాలాసార్లు మూడో కోటు అడుగుతుంది, అందుకని కనకాంబరం నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరుది ఒకటి. జాజుకు రెండు లీటర్లు చాలు. ప్రైమర్‌లోనే ఆ రంగు స్టెయినర్ కొంచెం కలిపిస్తే మూడో కోటు తప్పినా తప్పొచ్చు. అన్నీ ఒకేసారి కలిపించి, ఇంటికొచ్చాక పెద్దదీ చిన్నదీ ఒకే బకెట్లో పోసి కలిపేయండి. డబ్బాకూ డబ్బాకూ పిసరంత తేడా ఉన్నా గోడ మధ్యలో తెలిసిపోతుంది. మెషీన్‌లో కలిపించిన పెయింటును షాపువాళ్లు వెనక్కి తీసుకోరు, అది కూడా గుర్తుంచుకోండి. నీళ్లు డబ్బా మీద రాసినంతే పోయాలి. పోసేటప్పుడు మీరు దగ్గరుండండి, నేను ఇంతకంటే విప్పి చెప్పను.

బాత్రూమ్ గోడకు పైపై పుట్టీ పనిచేయదు. నీళ్లు వెనక నుంచి వస్తుంటే ముందు ఏం పూసినా తోసేస్తాయి. తెల్లగా దూదిలాంటి ఉప్పు కూడా కనబడుతోందా చూడండి, ఉంటే పొడి బ్రష్‌తో దులపాలి, కడగొద్దు. కిరాణా కవరు ఒకటి కత్తిరించి, ఆ పెచ్చులు లేచిన చోట నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. కవరుకు గోడ వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచే వస్తున్నట్టు. అప్పుడు బాత్రూమ్ వైపు టైల్స్ సందులు, పైపు జాయింట్లు ప్లంబర్‌తో చూపించాలి. అది బాగు చేయించాక చెడిన ప్లాస్టరింగ్ కొట్టించి మళ్లీ చేయిస్తే, కొత్త ప్లాస్టరింగ్ ఆరడానికి కనీసం 28 రోజులు పడుతుంది. పైగా ఇది వానాకాలం, ఇంకా ఆలస్యమే. దసరాలోపు అంటున్నారు కాబట్టి రంగు డబ్బాల కంటే ముందు ఈ వారమే ప్లంబర్‌ను పిలవండి. ఆ ఒక్క గోడ పండగకు ఆరకపోతే దానికి ప్రైమర్ కొట్టించి వదిలేయండి, ముందు బీరువా పెట్టకండి, గాలి తగలాలి. మిగతా మూడు గోడలు వేసేసి, అదే బకెట్ పెయింటులో లీటరున్నర మూత గట్టిగా బిగించి దాచి ఉంచండి.